ఏఎఫ్ 4 వస్తే బ్లఫ్ చేస్తున్నట్టేనా? ఎదుటివాళ్ళ దూకుడును లెక్కల్లో చూడటం గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. బెంగళూరు మారతహళ్లిలో మీ అపార్ట్‌మెంట్ వాళ్ళు ఏడుగురు శనివారం రాత్రులు హోల్డెమ్ (చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి అయిదు ఉండే పోకర్) ఆడతారు. డబ్బు లేదు, పాయింట్లకే. అందులో ఒకతను ఎప్పుడూ రైజ్ చేస్తూనే ఉంటాడు. రెండు శనివారాలు, సుమారు 120 హ్యాండ్స్ మీరు కాగితం మీద రాసుకున్నారు. ఫ్లాప్ (బల్ల మీద మొదటి మూడు ముక్కలు) తరవాత అతను బెట్ (పందెం), రైజ్ (దాన్ని పెంచడం) కలిపి 16 సార్లు, కాల్ (ఎదుటివాడి పందెంతో సమానంగా పెట్టడం) 4 సార్లు చేశాడు. అంటే ఏఎఫ్ (దూకుడును కొలిచే అగ్రెషన్ ఫ్యాక్టర్) 4. ఇంకొకతనిది 1.2. మొదటివాడు రివర్‌లో (చివరి, అయిదో ముక్క పడ్డాక) బెట్ చేస్తే కింగ్ జత ఉన్నప్పుడు కాల్ చేసేయొచ్చా అని అడిగారు.

ఆ 4 ఒక్కటే చూసి అయితే వద్దు. ఆ సంఖ్య అబద్ధం కాదు. కానీ మీరు అడిగిన ప్రశ్నకు అది జవాబు చెప్పదు.

ఏఎఫ్ అంటే బెట్లు, రైజ్‌లు కలిపి కాల్స్‌తో భాగించడం. అంతే. ఇందులో చెక్‌లు (పందెం పెట్టకుండా ఊరుకోవడం) లేవు, ఫోల్డ్‌లు (ముక్కలు పడేయడం) లేవు. కాల్ చేయడం ఇష్టంలేని మనిషి ఎవరికైనా ఏఎఫ్ పెద్దగానే వస్తుంది. మంచి ముక్కలుంటే బెట్, లేకపోతే ఫోల్డ్, మధ్యలో ఇంకేమీ లేదు అనుకునేవాడు మహా పిరికివాడైనా ఏఎఫ్ 5 చూపిస్తాడు. మీవాడి లెక్కే తీసుకోండి. ఆ 16 బెట్లు, 4 కాల్స్ పక్కన అతను 5 సార్లే ఫోల్డ్ చేసి ఉంటే, మొత్తం 25 నిర్ణయాల్లో 16 దూకుడువి, అంటే 64 శాతం. అదే 40 సార్లు ఫోల్డ్ చేసి ఉంటే 60లో 16, అంటే 27 శాతం. రెండు సందర్భాల్లోనూ ఏఎఫ్ 4నే. మొదటి సందర్భంలో అతను మీ మీద పడి ఆడుతున్నాడు. రెండో సందర్భంలో చేతిలో సరుకుంటేనే చెయ్యెత్తుతున్నాడు. ఫోల్డ్‌లను కూడా కింద వేసి భాగించే ఈ శాతం లెక్కను అగ్రెషన్ ఫ్రీక్వెన్సీ అంటారు, పొట్టిగా ఏఎఫ్‌క్యూ. నన్నడిగితే ఇంట్లో కాగితం మీద రాసుకునేవాళ్ళకు ఏఎఫ్ కంటే ఇదే పనికొస్తుంది. మీ కాగితంలో ఫోల్డ్‌ల గడి లేదని మీ పోస్ట్ చూస్తే అనిపించింది. ఈ శనివారం నుంచి అది పెట్టండి.

ఇంకో చిక్కు ఏమిటంటే, కింద ఉన్నది 4 అనే చిన్న అంకె. ఆ రెండు రాత్రుల్లో అతను ఇంకో రెండు కాల్స్ చేసి ఉంటే ఏఎఫ్ 2.7. రెండు తక్కువ చేసి ఉంటే 8. మనిషి మారలేదు, ఆట మారలేదు, రెండు కాల్స్ అటూ ఇటూ అయ్యాయి, అంతే. ఆరు బంతుల్లో 18 కొట్టినవాడి స్ట్రైక్ రేట్ 300 అని స్క్రీన్ మీద వేస్తే మనం నవ్వుకుంటాం కదా, ఇదీ అలాంటిదే.

ఫ్లాప్ తరవాతి అంకెలను ఫ్లాప్ ముందువి లేకుండా చదవకూడదు. అక్కడ చూడాల్సినవి రెండు. మొదటిది వీపిప్. నూరు హ్యాండ్స్‌లో ఎన్నింటిలో తన ఇష్టంతో చిప్స్ పెట్టాడు అన్నది. బిగ్ బ్లైండ్‌లో (ముక్కలు చూడకముందే తప్పనిసరిగా పందెం పెట్టే రెండు సీట్లలో పెద్దది) కూర్చుని ఊరికే చెక్ చేస్తే లెక్కలోకి రాదు. స్మాల్ బ్లైండ్ నుంచి మిగతాది కలిపి లోపలికి వస్తే వస్తుంది. రెండోది పీఎఫ్ఆర్, అంటే ఫ్లాప్ ముందు రైజ్ చేసిన శాతం. ఆరుగురి టేబుల్ మీద ఆలోచించి ఆడేవాళ్ళ వీపిప్ మామూలుగా 25కి అటూ ఇటూ, పీఎఫ్ఆర్ దానికి నాలుగైదు తక్కువ ఉంటుంది. తొమ్మిది మంది టేబుల్‌లో రెండూ తగ్గుతాయి, ఎందుకంటే మీ వెనక ఇంకా మాట్లాడాల్సినవాళ్ళు ఎక్కువ. ఇది మర్చిపోయి ఆన్‌లైన్‌లో ఎక్కడో చదివిన పట్టికను ఏడుగురి టేబుల్‌కు అతికిస్తే మీవాళ్ళందరూ పిచ్చివాళ్ళలాగే కనిపిస్తారు.

ఈ రెండింటి మధ్య తేడాయే అసలు కబురు చెబుతుంది. వీపిప్ 45, పీఎఫ్ఆర్ 8 అంటే, వచ్చిన ముక్కలన్నీ చూద్దామనుకునేవాడు, రైజ్ చేయడానికి మాత్రం చేతులు రావు. వీపిప్ 45, పీఎఫ్ఆర్ 35 అంటే నిజంగానే దూకుడు మనిషి. మన తెలుగు టేబుళ్ళలో మొదటి రకం చాలా ఎక్కువ, దానికి రమ్మీ అలవాటు ఒక కారణమని నా అనుమానం. పదమూడు ముక్కల రమ్మీలో మొదట్లోనే డ్రాప్ అయినా 20 పాయింట్లు పోతాయి. అందుకే "ఎలాగూ పోతాయి, ఒక చుట్టు చూద్దాం" అనే బుద్ధి చిన్నప్పటి నుంచి ఒంటబడుతుంది. పోకర్‌లో బ్లైండ్ కాని సీట్లో ఫోల్డ్ చేస్తే ఒక్క చిప్ కూడా పోదు. సంక్రాంతికి ఊళ్ళో పేక నేర్చుకుని బెంగళూరు వచ్చినవాళ్ళకు ఈ తేడా ఒంటికి పట్టడానికి చాలా కాలం పడుతుంది.

ఇప్పుడు రెండూ కలిపి చూడండి. జత కాని రెండు ముక్కలు చేతిలో ఉంటే, ఫ్లాప్‌లో కనీసం ఒక జత కుదిరేది సుమారు మూడింట ఒకసారి. వీపిప్ 15 ఉన్నవాడు ఫ్లాప్ దాకా వచ్చాడంటే చేతిలో ఇప్పటికే పెద్ద జతో, ఆసు-రాజో ఉండే అవకాశం ఎక్కువ. అతని ఏఎఫ్‌క్యూ 50 ఉన్నా దానిలో నిజమే ఎక్కువ. వీపిప్ 50 ఉన్నవాడికి అంత మంచి ముక్కలు ఎక్కడి నుంచి వస్తాయి? అతని ఏఎఫ్‌క్యూ కూడా 50 ఉంటే, కాళ్ళ కింద నేల లేకుండా చాలాసార్లు బెట్ చేస్తున్నట్టే. ఒకే దూకుడు శాతానికి ఇద్దరి దగ్గరా వేరువేరు అర్థం. మీరు మీవాడి వీపిప్ రాయలేదు. అది లేకపోతే నేనైనా, ఇంకెవరైనా చెప్పేది ఊహే.

ఇక ఎన్ని హ్యాండ్స్ చూస్తే నమ్మొచ్చు అన్న సంగతి. ఇక్కడే కాసేపు ఆగుతాను, ఎందుకంటే అందరూ దాటేసేది ఇక్కడే.

వీపిప్ తొందరగా కుదురుకుంటుంది, ఎందుకంటే దాదాపు ప్రతి హ్యాండ్‌లోనూ దానికి అవకాశం ఉంటుంది. అయినా 100 హ్యాండ్స్‌లో 25 వచ్చిందంటే, అసలు అలవాటు 17 నుంచి 34 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 400 హ్యాండ్స్ అయితే ఆ పొరపాటు సగానికి తగ్గుతుంది. నాలుగు రెట్లు చూస్తే సగం తగ్గుతుంది, రెండు రెట్లు చూస్తే కాదు. టేబుల్ దగ్గర కూర్చుని ఆడితే గంటకు పాతిక ముప్పై హ్యాండ్స్ మించవు. మీలా బిర్యానీ ఆర్డర్లు, ఔటర్ రింగ్ రోడ్ కబుర్లు మధ్యలో ఉంటే ఇంకా తక్కువ. కాబట్టి 400 అంటే చాలా శనివారాలు.

త్రీ-బెట్ సంగతి ఇంకా కష్టం. అంటే ఒకరు రైజ్ చేశాక దానిమీద మళ్ళీ రైజ్ చేయడం. దానికి అవకాశం రావాలంటే అతని ముందు ఎవరో రైజ్ చేసి ఉండాలి. 120 హ్యాండ్స్‌లో అలాంటి సందర్భాలు ఒక 25 వచ్చాయనుకుందాం, అతను 2 సార్లు త్రీ-బెట్ చేశాడనుకుందాం. 8 శాతం అని రాసుకుంటారు. కానీ అసలు 4 శాతమే చేసే జాగ్రత్తపరుడు కూడా 25 అవకాశాల్లో రెండు, అంతకంటే ఎక్కువసార్లు త్రీ-బెట్ చేసే సంభావ్యత నాలుగింట ఒక వంతు. 15 శాతం చేసే రౌడీ కూడా 25లో రెండు, అంతకంటే తక్కువసార్లు మాత్రమే చేసే సంభావ్యత దాదాపు అంతే. అంటే ఆ 8 వెనక ఇద్దరిలో ఎవరైనా ఉండొచ్చు. వాళ్ళిద్దరికీ చేతిలో ఉండే ముక్కల్లో తేడా చూడండి. హోల్డెమ్‌లో రెండు ముక్కల కలయికలు మొత్తం 1326. అందులో 4 శాతం అంటే 53, 15 శాతం అంటే 199. రాణుల జత, అంతకంటే పెద్ద జతలు, ఆసు-రాజు అన్నీ కలిపితే 34 కలయికలు. మొదటివాడి త్రీ-బెట్ మీద మీ జాకీల జత చాలాసార్లు వెనకబడి ఉంటుంది. రెండోవాడి మీద హాయిగా ఆడుకోవచ్చు.

మరి తక్కువ హ్యాండ్స్ ఉన్నప్పుడు ఏం చేయాలి? అంకెను పారేయకండి, సగటు వైపు లాగండి. నేను పగలు ఆఫీసులో చేసేదీ ఇదే పని, పేరు వేరు. ముందు మీ టేబుల్ మొత్తానికీ కలిపి లెక్క తీయండి. ఏడుగురూ కలిసి నూరు అవకాశాల్లో 6 సార్లు త్రీ-బెట్ చేస్తారనుకుందాం. అప్పుడు ప్రతి ఒక్కరి ఖాతాలో ముందుగానే 50 ఊహా అవకాశాలు, వాటిలో 3 త్రీ-బెట్లు వేసేయండి. 25లో 2 చేసినవాడు 75లో 5 అవుతాడు, అంటే 6.7 శాతం; అంటే మీకు అతని గురించి ఇంకా ఏమీ తెలియదన్నమాట. 20లో 5 చేసినవాడు 25 శాతం కాదు, 70లో 8, అంటే 11.4. టేబుల్ మిగతావాళ్ళ కంటే దూకుడే, కానీ మీరు భయపడ్డంత కాదు. ఆ 50 ఎక్కడిది అంటే, అది నా అంచనా. మీ టేబుల్‌లో అందరూ ఒకేలా ఆడితే ఇంకా పెంచండి, ఒక్కొక్కరిదీ ఒక్కో దారి అయితే తగ్గించండి. హ్యాండ్స్ పెరిగేకొద్దీ ఈ ఊహా భాగం దానంతట అదే కరిగిపోతుంది.

ఆన్‌లైన్‌లో ఆడే రోజుల్లో పోకర్ ట్రాకర్, హోల్డెమ్ మేనేజర్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఈ అంకెలన్నీ స్క్రీన్ మీదే వేసేవి. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తరవాత ఇక్కడి సైట్లు డబ్బు ఆటలు ఆపేశాయి, కాబట్టి ఇప్పుడు కాగితమే గతి. కాగితానికి ఒక లాభం ఉంది. ఆ సాఫ్ట్‌వేర్ ఎంత బాగున్నా అది చూపించే సగటులో బటన్ (ఫ్లాప్ తరవాత అందరికంటే ఆఖరున ఆడే సీటు) మీద చేసిన రైజ్, అందరికంటే ముందు కూర్చుని చేసిన రైజ్ కలిసిపోయి కనిపిస్తాయి, విడదీసి చూసే ఓపిక చాలామందికి ఉండదు. మీరు చేత్తో రాసేటప్పుడు పక్కన ఒక గుర్తు పెట్టుకుంటే చాలు. బటన్ నుంచి సగం ముక్కలతో రైజ్ చేయడం పెద్ద విశేషం కాదు. మొదటి సీటు నుంచి అదే పని చేస్తే అప్పుడు నోట్ చేసుకోవాలి.

అందరినీ రాయాలని చూడకండి. ఒక రాత్రికి ఇద్దరు, అంతకు మించితే మీ ఆట పోతుంది, పైగా ఫోన్‌లో ఏం టైప్ చేస్తున్నావ్ అని అడుగుతారు. ఫ్లాప్, టర్న్ (నాలుగో ముక్క), రివర్ మూడింటికీ వేరువేరు గడులు ఉండాలి. ఎందుకంటే ఫ్లాప్‌లో దూకుడు చాలా చవక. ముందు రైజ్ చేసినవాడు ఫ్లాప్‌లో ఒకసారి బెట్ వేయడం అందరికీ అలవాటైపోయింది. పదిసార్లలో ఎనిమిదిసార్లు ఫ్లాప్‌లో బెట్ చేసి, టర్న్‌లో మూడుసార్లే కొనసాగించేవాడిని మీ టేబుల్ "అగ్రెసివ్" అంటుంది. నిజానికి అతను ఒక్క బెట్‌తో గాలి తీసేసుకునే మనిషి. ఫ్లాప్‌లో కాల్ చేసి టర్న్‌లో అతను చెక్ చేయగానే మీరు బెట్ చేస్తే సరిపోతుంది. అన్నింటికంటే విలువైన గడి షోడౌన్‌ది, అంటే చివర్లో ముక్కలు తిప్పి చూపించేది. రివర్‌లో బెట్ చేసి, కాల్ పడ్డాక ఏ ముక్కలు చూపించాడో రాయండి. ఒక్క షోడౌన్ ముప్పై శాతాల కంటే ఎక్కువ చెబుతుంది, కాకపోతే ఒక్కటే చూసి ముద్ర వేయకండి. బ్లఫ్ దొరికిపోతే టేబుల్ అంతా గోల చేస్తుంది, అందుకే అది గుర్తుంటుంది. మంచి ముక్కలతో బెట్ చేసి అందరూ ఫోల్డ్ చేసిన పదిసార్లూ ఎవరికీ గుర్తుండవు. "ఎప్పుడూ రైజ్ చేస్తూనే ఉంటాడు" అని మీరు రాసిన దాంట్లో ఈ గోల వాటా ఎంత ఉందో కాగితమే తేల్చాలి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వద్దాం, రివర్‌లో కింగ్ జతతో కాల్. ఒక హ్యాండ్ పూర్తిగా లెక్కేద్దాం. బల్ల మీద ఇస్పేటు రాజు, ఇస్పేటు తొమ్మిది, ఒక నాలుగు, ఒక ఏడు, ఒక రెండు. చివరి మూడూ ఇస్పేట్లు కావు, కాబట్టి ఎవరికీ ఫ్లష్ (ఒకే గుర్తు ముక్కలు అయిదు) కుదరలేదు. మీ చేతిలో రాజు, జాకీ, ఇవీ ఇస్పేట్లు కావు. ముందు రైజ్ చేసినవాడు ఫ్లాప్‌లో, టర్న్‌లో, రివర్‌లో మూడుసార్లూ బెట్ చేశాడు. పాట్‌లో (మధ్యలో పోగైన పందెంలో) 600 ఉంటే రివర్‌లో 400 పెట్టాడు. మీరు 400 పెడితే మొత్తం 1400 అవుతుంది. అంటే 28.6 శాతం సార్లు గెలిస్తే చాలు, కాల్ నష్టం కాదు.

మూడుసార్లూ బెట్ చేసి మిమ్మల్ని ఓడించే ముక్కల్లో ముఖ్యమైనవే లెక్కేద్దాం. ఆసుల జత 6 రకాలుగా రావచ్చు. రాజులు ఇంకా రెండే మిగిలాయి కాబట్టి ఆసు-రాజు 8, రాజు-రాణి 8, రాజుల జత 1. తొమ్మిదులు, ఏడులు, నాలుగుల జతలు ఒక్కొక్కటి 3 చొప్పున 9. మొత్తం 32. ఫ్లష్ కోసం చూసి కుదరక మిగిలిపోయిన ఇస్పేటు జోడీలు, అంటే ఆసుతో రాణి, జాకీ, పది, ఎనిమిది, ఆరు, అయిదు, మూడు. ఆపైన రాణి-జాకీ, రాణి-పది, జాకీ-పది, పది-ఎనిమిది, ఎనిమిది-ఆరు, ఆరు-అయిదు. ఇవి 13. ఈ పదమూడింటినీ మూడుసార్లూ వదలకుండా బెట్ చేసేవాడైతే 45లో 13, అంటే 28.9 శాతం. మీకు కావలసింది 28.6. అంటే కాల్ చేసినా ఫోల్డ్ చేసినా ఒకటే! కుదరని ఫ్లష్‌లన్నింటినీ బ్లఫ్ చేసే మనిషి మీద కూడా కింగ్ జత సరిగ్గా గట్టునే నిలబడుతుంది. రివర్‌కి వచ్చేసరికి అందులో సగం వదిలేసి చెక్ చేసేవాడైతే 38లో 6, 16 శాతం. ఆ కాల్ చిప్స్ పారబోసినట్టే.

ఇక్కడ ఏ అంకె ఏ పని చేస్తోందో గమనించండి. ఎనిమిది-ఆరు ఇస్పేట్లతో అతను అసలు లోపలికి వస్తాడా లేదా అన్నది పీఎఫ్ఆర్ చెబుతుంది. వస్తే ఎన్నింటిని చివరిదాకా లాగుతాడు అన్నది టర్న్, రివర్ గడులు చెబుతాయి. పీఎఫ్ఆర్ 12 అయితే ఆ చిన్న ముక్కలు జాబితాలోంచి ఎగిరిపోతాయి, ఫోల్డ్ చేయండి. పీఎఫ్ఆర్ 35, రివర్ ఏఎఫ్‌క్యూ 50 దాటితే, ఇస్పేట్లు కాని రాణి-జాకీలు, జాకీ-పదులు కూడా జాబితాలోకి వస్తాయి, హాయిగా కాల్ చేయండి. మొత్తంగా వచ్చిన ఏఎఫ్ 4 ఈ రెండు ప్రశ్నల్లో దేనికీ సమాధానం ఇవ్వదు. ఇంకో సంగతి, మామూలు టేబుళ్ళలో చాలామంది రాజు-రాణితో మూడోసారి బెట్ చేయరు, భయపడి చెక్ చేస్తారు. మీవాడు కూడా అంతేనని షోడౌన్‌లు చూపిస్తే 32లోంచి 8 తీసేయండి, కాల్ కొంచెం సులువవుతుంది.

రాత్రి పన్నెండు దాటాక రాసినవి వేరే రంగు పెన్నుతో రాయండి. పెద్ద పాట్ పోయాక టెన్షన్‌లో ఆడేవాడి అంకెలు, మొదటి గంటలో అంకెలు కలిపి సగటు తీస్తే, ఆ సగటులా అతను ఏ గంటలోనూ ఆడి ఉండడు.

ఇక ఆ 1.2 అతను. మీరు ఒక్క వాక్యంలో దాటేశారు గానీ, మీకు ఎక్కువ పాయింట్లు వచ్చేది, ఎక్కువ పోయేది అతని దగ్గరే. ఆ 1.2 నిజమే అయితే అతను మొదటివాడికంటే చాలా ఎక్కువగా కాల్ చేస్తాడు, కాబట్టి అతని మీద బ్లఫ్ దండగ. కింగ్ జత ఉంటే మూడుసార్లూ మీరే బెట్ చేయండి, కాస్త పెద్దగానే. కానీ అలాంటివాడు టర్న్‌లోనో రివర్‌లోనో అకస్మాత్తుగా రైజ్ చేశాడంటే మీ ఒక్క జత పక్కన పెట్టేయండి. దీనికి 400 హ్యాండ్స్ అక్కర్లేదు. అంతగా కాల్ చేసే మనిషి అప్పుడు రైజ్ చేయడానికి కారణం చాలాసార్లు ఒకటే ఉంటుంది, మంచి ముక్కలు.

వచ్చే శనివారం తరవాత వీపిప్, పీఎఫ్ఆర్, ఫోల్డ్‌లు, రివర్ గడి, షోడౌన్ ముక్కలు ఇక్కడ పెట్టండి. మొదటివాడి మీద కింగ్ జతతో ఎంతవరకు వెళ్ళొచ్చో అప్పుడు ఇదే లెక్కలో వేసి చూద్దాం.